లండన్ వంతెన: ఎనిమిది శతాబ్దాల ధర్మనిధి

ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లే చిన్నారులున్న ఇళ్లలో లండన్ వంతెన కూలిపోతోందనే బాలగీతం తరచుగా వినబడుతూ ఉంటుంది. ఇద్దరు పిల్లలు చేతులు కలిపి కమానులా నిలబడతారు, మిగిలినవారు దాని కిందుగా వరుసగా దూరి వెళతారు. ఆట ముగిసిన తరువాత ఆ వంతెనను గురించి ఎవరూ ఆలోచించరు. కాని ఆ పాటలోని వంతెన కల్పితమైనది కాదు. థేమ్స్ నది మీద దాదాపు ఒకే చోట అది పలుమార్లు కూలింది, రెండుసార్లు బుద్ధిపూర్వకంగా తొలగింపబడింది, ప్రతిసారీ తిరిగి నిర్మింపబడింది. ఆ చరిత్రలో మన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోదగిన అంశం ఒకటున్నదని మేము భావిస్తున్నాం. అది ఆ రాళ్లకు సంబంధించినది కాదు, వాటిని నిలబెట్టిన డబ్బుకు సంబంధించినది.

రోమన్లు క్రీ.శ. 50 ప్రాంతంలో అక్కడ తొలి వంతెన కట్టారు. ఆ తరువాత వెయ్యేళ్లకు పైగా వచ్చినవన్నీ కొయ్య వంతెనలే. నిప్పుకో, వరదకో ఆహుతి కావడం వాటికి పరిపాటి. 1176లో పీటర్ ఆఫ్ కోల్‌చర్చ్ అనే మతగురువు రాతి వంతెనకు పూనుకున్నాడు. సముద్రపు ఆటుపోట్లు తాకే నదిలో, మెత్తని అడుగు మీద, నేటి యంత్రాలేవీ లేని కాలంలో అది సాహసమే. పనికి 33 సంవత్సరాలు పట్టింది. పీటర్ 1205లో మరణించాడు, వంతెన 1209లో పూర్తయింది. తాను ప్రారంభించిన దానిని పూర్తిగా చూడకుండానే కన్నుమూసిన ఆ వ్యక్తిని, వంతెన మధ్యనున్న ప్రార్థనాలయంలోనే సమాధి చేశారు.

కట్టడం ఒక ఎత్తయితే, కట్టినదానిని నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. పంతొమ్మిది కమానుల ఆ వంతెనకు ప్రతి ఏడూ మరమ్మతు తప్పనిసరి. స్తంభాల చుట్టూ దుంగలు పాతి, మధ్యలో రాళ్లు నింపి, పడవల ఆకారంలో దిబ్బలు కట్టారు. నీరు వాటిని నిరంతరం కోస్తూనే ఉండేది. నీటిమట్టం తగ్గిన కొద్ది గంటలలో మాత్రమే వాటికి మరమ్మతు సాధ్యం. అందుకోసం ఒక ప్రత్యేక పనివారి బృందమే ఉండేది. ఈ ఖర్చును భరించేదెవరు? జాన్ రాజు కాలంలో వంతెన మీదనే ఇళ్లు, దుకాణాలు కట్టించి, వాటి అద్దెను వంతెన నిర్వహణకే వినియోగించాలనే ఏర్పాటు జరిగింది. 1358 నాటి లెక్కలలో వంతెన మీద 138 దుకాణాలు కనబడతాయి. నగరంలో స్టాక్స్ మార్కెట్ అనే మాంసం, చేపల బజారు వెలసినది కూడా దాని అద్దెలు వంతెనకు చెందాలనే ఉద్దేశంతోనే. వీటికి తోడు సామాన్య పౌరులు మరణశాసనాలలో తమ పొలమో, ఇల్లో, కొంత సొమ్మో ‘దేవునికీ, వంతెనకూ’ అని రాసి ఇచ్చారు. తరతరాల ఈ దానాలన్నీ కలిసి ‘బ్రిడ్జ్ హౌస్ ఎస్టేట్స్’ అనే నిధిగా రూపుదిద్దుకున్నాయి. 1282 నాటి రాజశాసనం దానికి పునాదిగా చెప్పబడుతుంది.

ఈ వివరాలు చదువుతున్న పాఠకుల మనసులో ఈపాటికే ఒక పదం మెదిలి ఉంటుంది. ఉమర్ (రజి) గారికి ఖైబర్‌లో ఒక మేలైన భూమి లభించినప్పుడు, దానిని ఏమి చేయమంటారని ఆయన దైవప్రవక్త (స)ను సంప్రదించిన సంఘటన మనకు తెలిసినదే. అసలును అలాగే నిలిపి ఉంచి, ఫలసాయాన్ని దానం చేయాలన్నది అక్కడ లభించిన మార్గదర్శకం. ఆ భూమి అమ్మబడరాదు, బహూకరింపబడరాదు, వారసత్వంగా పంచబడరాదు. దాని రాబడి పొందవలసినవారిలో పేదలు, బంధువులతో పాటు బాటసారులు కూడా ఉన్నారు. వక్ఫ్‌కు మూలమైన ఈ నియమాన్ని అనుసరించి తరువాతి ముస్లిం సమాజాలు మస్జిదులు, మదరసాలే కాక బావులు, సత్రాలు, వంతెనలు కూడా వక్ఫ్‌గా నిలిపాయి. లండన్ నిధి క్రైస్తవ సమాజం తన సంప్రదాయంలో తాను ఏర్పరచుకున్నది. మేము చెబుతున్నది పోలిక మాత్రమే. అయితే ఆ పోలిక ఎంతో దగ్గరిది. పెట్టిన పరీక్షలు కూడా అటువంటివే.

మొదటి పరీక్ష ఎంతో కాలం ఆగలేదు. 1269 ప్రాంతంలో మూడవ హెన్రీ రాజు వంతెన ఆదాయాన్ని తన భార్య ఎలియనోర్ రాణికి అప్పగించాడు. అద్దెలు రాణిగారి ఖజానాకు చేరాయి, వంతెన మరమ్మతులకు మాత్రం చేరలేదు. నగరవాసుల మొరలు ఫలించలేదు. పగుళ్లు పెరిగాయి. 1281-82 చలికాలంలో నది గడ్డకట్టి, ఆ మంచు ఒత్తిడికి ఐదు కమానులు ఒక్కసారిగా కూలిపోయాయి. కొత్త రాజు ఎడ్వర్డ్ రాజ్యమంతటా విరాళాలు సేకరించడానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. నిధి తిరిగి నగరం చేతికి వచ్చింది. బాలగీతంలోని ‘అందమైన అమ్మగారు’ ఈ రాణియేనని కొందరు ఊహిస్తారు. అది రుజువైన సంగతి కాదు గాని, అదే నిజమైతే ముతవల్లీ నిర్లక్ష్యాన్ని ఇంతగా ప్రపంచానికి చాటిన పాట మరొకటి లేదనవలసిందే!

ఆ అనుభవం తరువాత నగరం జాగ్రత్తపడింది. వంతెన బాధ్యతను ఎన్నుకోబడిన ఇద్దరు వార్డెన్లకు అప్పగించింది. వారు ప్రతి సంవత్సరం లెక్క చూపాలి, ఆ లెక్క తనిఖీ కావాలి. నిధి డబ్బును నగరపు ఇతర ఖర్చులతో కలపకుండా విడిగా ఉంచారు. ఇవి చిన్న విషయాలుగా కనబడవచ్చు. మా దృష్టిలో మొత్తం కథలో ఇదే అసలైన ఘట్టం.

ఐదు శతాబ్దాలకు పైగా ఆ వంతెన ఒక వీధిలా జీవించింది. ఇరువైపులా మూడు నాలుగు అంతస్తుల ఇళ్లు, కింద దుకాణాలు, మధ్యలో ఇరుకైన దారి. దక్షిణ ద్వారం మీద రాజద్రోహులుగా ముద్రపడినవారి తలలను ఈటెలకు గుచ్చి ప్రదర్శించే అమానుషమైన ఆచారం కూడా ఉండేది. స్కాట్లాండ్ యోధుడు విలియం వాలెస్ తల 1305లో అక్కడ ఉంచబడింది. 1633లో జరిగిన అగ్నిప్రమాదంలో ఉత్తరపు కొసనున్న ఇళ్లు తగలబడిపోయాయి. ఆ ఖాళీ స్థలమే 1666 నాటి లండన్ మహాగ్నిని వంతెన మిగతా భాగానికి పాకకుండా ఆపింది. ఒకనాటి నష్టం మరొకనాడు రక్షణ అయింది. బళ్ల రద్దీ భరించలేక 1722లో నగర మేయరు వంతెన మీద వెళ్లేవారందరూ ఎడమ పక్కనే నడవాలని ఆజ్ఞాపించాడు.

నది మీద పరిస్థితి మరింత కష్టం. స్తంభాలూ, వాటి దిబ్బలూ కలిసి నీటి దారిలో సగానికి పైగా మూసివేశాయి. అలలు వెనక్కు తగ్గే వేళ వంతెనకు ఇటూ అటూ నీటిమట్టంలో ఆరడుగుల వరకు తేడా వచ్చేది. కమానుల కింద నుంచి పడవ నడపడమంటే చిన్న జలపాతం మీద నుంచి దూకినట్లే. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రవాహం మందగించిన పైభాగంలో, తీవ్రమైన చలికాలాలలో నది గడ్డకట్టేది. అప్పుడు ప్రజలు ఆ మంచు మీదే సంతలు జరుపుకొనేవారు. ఆ సంతలలో చివరిది 1814లో జరిగింది.

1750లో వెస్ట్‌మినిస్టర్ దగ్గర కొత్త వంతెన తెరుచుకోవడంతో పాతదాని లోపాలు అందరికీ మరింత స్పష్టంగా కనబడసాగాయి. 1758 నుంచి 1762 వరకు దాని మీదనున్న ఇళ్లన్నింటినీ తొలగించారు. పడవలకు వీలు కల్పించడానికి నడిమి స్తంభాన్ని తీసివేసి, రెండు కమానుల స్థానంలో ఒకే పెద్ద కమాను నిర్మించారు. మేలు చేద్దామని చేసిన ఆ పని కీడు కూడా తెచ్చింది. వెడల్పయిన ఆ మార్గం గుండా నీరు ఉరకలు వేస్తూ పక్క స్తంభాల పునాదులను కోయనారంభించింది. అక్కడ రాళ్లు పోసి పోసి నగరం అలసిపోయింది. మరమ్మతు ఇక మరమ్మతును కోరేదే తప్ప వంతెనను కాపాడలేదని తేలిన తరువాతనే కూల్చివేత ప్రస్తావన గట్టిపడింది.

పోటీకి వచ్చిన నమూనాలలో థామస్ టెల్‌ఫోర్డ్ ప్రతిపాదించిన 600 అడుగుల ఏకైక ఇనుప కమాను కూడా ఉంది. నగరం అంత దూరం సాహసించలేదు. చివరకు జాన్ రెన్నీ రూపొందించిన ఐదు కమానుల రాతి వంతెనను ఎంచుకున్నారు. ఆయన 1821లో మరణించాడు. తండ్రి నమూనాను, అదే పేరు గల కుమారుడు కట్టి చూపాడు. పాత వంతెనకు సుమారు వంద అడుగుల పడమరగా 1824లో పని మొదలైంది. 1831 ఆగస్టు 1న నాలుగవ విలియం రాజు దానిని ప్రారంభించాడు. అంతవరకు పాత వంతెన మీద రాకపోకలు ఆగలేదు. కొత్తది తెరుచుకున్న తరువాతనే పాతదానిని విప్పారు.

622 ఏళ్లు సేవ చేసిన ఆ కట్టడంలో మిగిలినది బహు తక్కువ. పాదచారులు ఆగి నిలబడటానికి చివరి కాలంలో కట్టిన రాతి గూళ్లలో రెండు విక్టోరియా పార్కులో, ఒకటి గైస్ ఆసుపత్రి ఆవరణలో ఉన్నాయి. సెయింట్ మాగ్నస్ చర్చి గోపురం కింద ఒక కమాను దారి ఉంది. ఒకప్పుడు వంతెన నడకదారి అక్కడి నుంచే మొదలయ్యేది, ఇప్పుడది ఎక్కడికీ పోదు. పీటర్ సమాధి ఉన్న ప్రార్థనాలయం అంతకు ఎంతో ముందే, పదహారవ శతాబ్దంలో, నివాసంగానూ ఆ తరువాత గిడ్డంగిగానూ మారిపోయింది. వంతెన కట్టినవాని సమాధికే అటువంటి గతి పట్టడం మాకు బాధ కలిగించింది. అవసరం కోసం కట్టడాన్ని మార్చడం వేరు, దానిని నిలబెట్టినవారి గుర్తును అలక్ష్యం చేయడం వేరు.

రెన్నీ వంతెన ఆయుష్షు అంత దీర్ఘమైనది కాలేదు. పందొమ్మిదవ శతాబ్దం ముగిసే నాటికి అది లండన్‌లోనే అత్యంత రద్దీ స్థలం. 1902-04 మధ్య దానిని 13 అడుగులు వెడల్పు చేశారు. ఆ అదనపు బరువును పునాదులు మోయలేకపోయాయి. ప్రతి ఎనిమిదేళ్లకు ఒక అంగుళం చొప్పున వంతెన కుంగుతూ వచ్చింది. 1924 నాటికి తూర్పు పక్క, పడమటి పక్క కంటే మూడు నాలుగు అంగుళాలు కిందకు దిగింది. పెరిగిన మోటారు వాహనాలకు అది తగదని 1960లలో నిర్ణయమైంది.

అప్పుడు ఇవాన్ లకిన్ అనే నగర సభ్యుడు అందరూ నవ్వుకొనే సలహా ఒకటి ఇచ్చాడు: పాత వంతెనను కూల్చి పారవేయడం ఎందుకు, అమ్మవచ్చు కదా! 1968 ఏప్రిల్‌లో అమెరికా వ్యాపారి రాబర్ట్ మెక్‌కల్లక్ దానిని 24 లక్షల 60 వేల డాలర్లకు కొన్నాడు. బయటి ముఖానికి అమర్చిన 10,276 రాళ్ల మీద ఒక్కొక్కదానికి అంకె వేసి, ఓడలలో పనామా కాలువ గుండా కాలిఫోర్నియాకు, అక్కడి నుంచి లారీలలో ఆరిజోనా ఎడారికి చేర్చారు. అక్కడ ఆయన తీర్చిదిద్దుతున్న లేక్ హవాసు నగరంలో కాంక్రీటు అస్థిపంజరం కట్టి, దానికి ఈ రాళ్లను తొడిగారు. విశేషమేమిటంటే వంతెన కట్టినప్పుడు దాని కింద నీరే లేదు. నేల మీద కట్టిన తరువాత కింద కాలువ తవ్వి సరస్సు నీటిని పారించారు. 1971 అక్టోబరు 10న దాని ప్రారంభోత్సవం జరిగింది. ప్రతిష్ఠాత్మకమైన టవర్ బ్రిడ్జి అనుకొని ఆయన దీనిని పొరపాటున కొన్నాడనే కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. కొన్నవారూ అమ్మినవారూ దానిని ఖండించారు.

ఈ అమ్మకాన్ని తప్పుపట్టినవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. మేము తప్పుపట్టలేకపోతున్నాం. వక్ఫ్ ఆస్తి పూర్తిగా నిరుపయోగమైనప్పుడు, ఖాజీ అనుమతితో, దానికి దీటైన లేదా అంతకు మించిన ఆస్తితో మార్పిడి చేసే వీలును హనఫీ ధర్మవేత్తలు ‘ఇస్తిబ్దాల్’ పేరుతో చర్చించారు. దానికి కఠినమైన షరతులు విధించారు. ఎందుకంటే మార్పిడి పేరిట కాజేయడం సులువు. లండన్ వంతెన విషయంలో మేము చూడదలచినది ఒక్కటే: పాతది పోయిన చోట అదే ప్రయోజనాన్ని నెరవేర్చేది వచ్చిందా, లేదా?

వచ్చింది. 1967 నుంచి 1972 వరకు పాతదానిని భాగాలు భాగాలుగా విప్పుతూ, దాని స్థానంలోనే కొత్తదానిని కట్టుతూ పోయారు. రాకపోకలు ఈసారి కూడా ఆగలేదు. ఉక్కు తీగలతో బిగించిన కాంక్రీటు దూలాల మీద, మూడు విశాలమైన ఖానాలతో అది సిద్ధమైంది. 1973 మార్చి 17న రెండవ ఎలిజబెత్ రాణి ప్రారంభించారు. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. దానిని వెతుక్కుంటూ వెళ్లిన యాత్రికులు ఇదేనా అని నిరాశపడతారట. ఖర్చు సుమారు 40 లక్షల పౌండ్లు. ఆ మొత్తాన్ని భరించినది బ్రిడ్జ్ హౌస్ ఎస్టేట్స్. అంటే 13వ శతాబ్దంలో ఎవరో వర్తకుడు, ఎవరో వితంతువు రాసి ఇచ్చిన ఇంటి అద్దె, చేతులు మారకుండా పెరిగి పెరిగి, 20వ శతాబ్దపు కాంక్రీటుకు వెల చెల్లించింది. నేడు లండన్, బ్లాక్‌ఫ్రయర్స్, సదర్క్, టవర్, మిలీనియం అనే ఐదు వంతెనల బాధ్యత ఆ నిధిదే. వంతెనల అవసరాలు తీరగా మిగిలిన రాబడిని నగర పేదల కోసం, సేవాసంస్థల కోసం వెచ్చించడానికి 1995లో చట్టబద్ధమైన అనుమతి లభించింది. ప్రధాన ప్రయోజనం ముందు, మిగులు తరువాత అనే క్రమం మాత్రం మారలేదు.

ఇక మన ఊళ్ల వైపు చూద్దాం. మన పెద్దలు రాసి ఇచ్చిన పొలాలు, దుకాణాలు, ఖబరస్తాన్ స్థలాలు చాలా చోట్ల ఉన్నాయి. ఎప్పుడో దశాబ్దాల కిందట కుదిరిన అద్దెకే నడిబజారులో గదులు సాగుతున్న ఊళ్లు పాఠకులకు తెలియనివి కావు. వక్ఫ్ గురించి మనం ఆవేశంగా మాట్లాడేది బయటివారు ఆక్రమించినప్పుడు. ఆ ఆవేశం న్యాయమైనదే. అయితే ఎలియనోర్ రాణి బయటి శత్రువు కాదు. నిధిని అప్పగించినది దేశపు రాజే, ఖర్చు చేసినది రాజకుటుంబమే. లోపలివారి చేతిలో జరిగే నష్టానికి చప్పుడు ఉండదు, కమానులు కూలినప్పుడే వినబడుతుంది. మా మస్జిదుకు ఏ ఏ ఆస్తులున్నాయి, వాటి అద్దె ఎంత, పోయిన ఏడాది లెక్క ఎక్కడ చూడవచ్చు అని జుమా తరువాత మర్యాదగా అడిగే యువకుణ్ణి గొడవపెట్టేవాడిగా కాక శ్రేయోభిలాషిగా చూసే కమిటీలు మనకు కావాలి. ఇంటి స్త్రీలకు కూడా ఈ వివరాలు తెలియాలి. వక్ఫ్ చేసిన మహిళలు మన చరిత్రలో తక్కువేమీ లేరు.

ఇంత చెప్పాక ఒక మినహాయింపును ప్రస్తావించకపోతే న్యాయం కాదు. ప్రతి వంతెనకూ లండన్ సూత్రం వర్తించదు. బోస్నియాలోని మోస్తార్‌లో నెరెత్వా నది మీద ఉస్మానీ శిల్పి మిమార్ ఖైరుద్దీన్ 1566లో పూర్తి చేసిన ఒంటి కమాను వంతెనను 1993 నవంబరు 9న క్రొయేట్ సైనికుల ఫిరంగులు పడగొట్టాయి. అక్కడ వంతెన పాతబడిపోలేదు. ఒక ఊరి ప్రజల ఉమ్మడి గుర్తును చెరపడమే ఆ దాడి ఫలితం. కనుక వారికి మరొక ఆధునికమైన వంతెన సరిపోలేదు. స్థానిక గని నుంచి అదే రకం రాయి తెచ్చి, పాత పద్ధతిలో చెక్కి, అదే రూపాన్ని నిలిపి, 2004 జూలై 23న తెరిచారు. అవసరం తీరక కూల్చడమూ, అక్కసుతో కూల్చడమూ ఒకటి కావు. వాటికి చెప్పవలసిన జవాబూ ఒకటి కాదు.

లండన్ వంతెన వార్డెన్ల లెక్కల చుట్టలు 1381 నుంచి ఆ నగర పురాలేఖ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఏ దుకాణం నుంచి ఎంత అద్దె వచ్చింది, ఏది ఖాళీగా ఉండిపోయింది, వడ్రంగికి, తాపీమేస్త్రికి, నీటిమట్టం తగ్గిన వేళ దిబ్బల మీద పనిచేసిన కూలీలకు ఎంత చెల్లించారు అనే వివరాలు వాటిలో ఉన్నాయి. వంతెన రాళ్లు ఆరిజోనాకు వెళ్లాయి, ఆ లెక్కలు మాత్రం ఊరు దాటలేదు.